రెండు వేళ్ళ సైగ

హార్లన్ వెసెలీ ఎడమ చెయ్యి చచ్చుబడుతోందని టొలీడో జట్టులో ఒక్కడికే తెలుసు. లెమ్ బ్రూసార్డ్‌కి మతి తప్పుతోందని కూడా ఒక్కడికే తెలుసు. మొదటిది తెలిసినవాడు లెమ్, రెండోది తెలిసినవాడు హార్లన్. మైదానంలో ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఆడేవాళ్ళు కాబట్టి ఒకడి గుట్టు ఇంకొకడి దగ్గర భద్రంగా ఉండిపోయింది. అంత భద్రంగా ఉండకపోయినా బాగుండేది.

అమెరికన్ ఫుట్‌బాల్ అనే ఈ ఆటలో బంతి విసిరేవాడికి టీవీ ప్రకటనలు దొరుకుతాయి. బంతి పట్టి పరిగెత్తేవాడి పేరు చిన్నపిల్లల చొక్కాల వీపుల మీద ఉంటుంది. ముందు వరసలో వంగి నిలబడి, మీదికి దూకే నూట నలభై కిలోల మనిషిని వెనక్కి తోసే ఐదుగురున్నారు చూశారా, వాళ్ళ ఊసు ఎవరికీ పట్టదు. తప్పు చేసినప్పుడు మాత్రం రిఫరీ మైకులో నంబరు చదువుతాడు. అప్పుడు డెబ్బై వేలమంది ఒక్కసారిగా వాళ్ళ అమ్మల్ని తలుచుకుంటారు. అదే వాళ్ళకి దక్కే పేరు.

ఆ ఐదుగురిలో నడిమివాడు హార్లన్. అతన్ని సెంటర్ అంటారు. కాళ్ళ సందులోంచి బంతిని వెనక్కి అందించేది అతనే. అంతకుముందు ఎదుటి జట్టు ఎలా మోహరించిందో చూసి, తన వాళ్ళు నలుగురూ ఎవరెవర్ని పట్టుకోవాలో అరిచి చెప్పేదీ అతనే. ఆ అరుపులన్నీ ఆడపేర్లు. లూసీ అంటే అందరూ ఎడమకి, రీటా అంటే అందరూ కుడికి, ఇంకా అలాంటివి చాలా ఉన్నాయి. నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య పుట్టి, ఇంట్లో నోరు విప్పడమే తక్కువైన మనిషి మైదానంలో మాత్రం సంతలో పశువుల్ని వేలం వేసేవాడిలా అరిచేవాడు. అతని ఎడమ పక్కన గార్డ్‌గా ఆడేవాడు లెమ్. లూసియానా చిత్తడి నేలల మనిషి, మాటకారి, వంటగాడు, చర్చిలో బొంగురు గొంతుతో పాడి పాస్టర్ చేతనే ఊరుకోమనిపించుకున్న ఘనుడు.

ఆగస్టులో, సీజన్‌కి ముందు జరిగే శిక్షణలో, మొదటిసారి తేడా కనపడింది. హార్లన్ లూసీ అని అరిచాడు. మిగతావాళ్ళంతా ఎడమకి కదిలారు. లెమ్ మాత్రం నిలబడే ఉన్నాడు.

"లూసీ అన్నాను కదరా, వినపడలేదా?"

"వినపడింది."

"మరి?"

"మా మేనత్త పేరు అది. ఎప్పుడొచ్చిందా అని చూస్తున్నా."

అందరూ నవ్వారు. హార్లన్ కూడా నవ్వాడు. మర్నాడు మళ్ళీ అదే జరిగింది. ఈసారి లెమ్ ఏ జోకూ వెయ్యలేదు. ఆ సాయంత్రం ఐసు నీళ్ళ తొట్టెల్లో ఒళ్ళు నానబెట్టుకుని ఇద్దరే కూర్చున్నప్పుడు తనే కదిపాడు.

"ముసలోడా, నువ్వు అరిచేది నాకు వినపడుతోందిరా. కానీ మాట ముందొచ్చి, దాని అర్థం వెనకాల బస్సులో వస్తోంది."

"ఎప్పట్నుంచి?"

"పోయినేడు డెట్రాయిట్‌లో తల తగిలింది చూడు, అప్పట్నుంచి. తగ్గుతుందిలే అనుకున్నా."

"డాక్టర్‌తో చెప్పరా."

"చెప్తే ఇంటికి పొమ్మంటారు. ఇంటికెళ్ళి ఏం పీకను? పదమూడో ఏటి నుంచి మనుషుల్ని తొయ్యడం ఒక్కటే నేర్చుకున్నా. ఇంకో పని పేరు కూడా తెలీదు నాకు." అని తొట్టెలో ఐసు ముక్కని పక్కకి నెట్టి, "నీ మెడ సంగతి నేనెవరికైనా చెప్పానా?" అన్నాడు.

బెదిరింపుగా అన్న మాట కాదది. లెమ్‌కి బెదిరించడం చేతకాదు. కానీ హార్లన్ గుండెలో మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. రెండేళ్ళుగా అతని మెడలో ఏదో నరం నలుగుతోంది. గట్టిగా తగిలినప్పుడల్లా ఎడమ చెయ్యి భుజం నుంచి వేళ్ళ దాకా మొద్దుబారిపోతుంది. కాసేపటికి ప్రాణం వస్తుంది, ప్రతిసారీ కాస్త ఆలస్యంగా. ఆ కాసేపూ హార్లన్ మీదికొచ్చే మనిషిని లెమ్ తన భుజంతో కాసేవాడు. తన మనిషినీ ఆపి, హార్లన్ మనిషినీ ఆపి, పైకి ఏమీ ఎరగనట్టు ఆవలించేవాడు. లెమ్ వెళ్ళిపోతే ఆ జాగాలోకి వచ్చే కొత్తవాడు ఎందుకు కాస్తాడు? ఒక్క వారంలో హార్లన్ బండారం బయటపడుతుంది.

అందుకని హార్లన్ ఒక ఉపాయం ఆలోచించాడు. స్నేహం కోసమే ఆలోచించానని తనకి తాను చెప్పుకున్నాడు. సగం నిజమే కావడం వల్ల ఆ మాట నమ్మడం సులువైంది.

వంగి నిలబడినప్పుడు హార్లన్ కుడిచెయ్యి బంతి మీద ఉంటుంది, ఎడమచెయ్యి ఖాళీ. లెమ్ కుడి తొడ ఆ చేతికి జానెడు దూరం. లెమ్ తలకి మాట ఆలస్యంగా చేరుతోంది గానీ ఒంటికి స్పర్శ వెంటనే చేరుతోంది. ఒక వేలితో తడితే ఎదురుగా ఉన్నవాణ్ణి పట్టుకో. రెండు వేళ్ళతో తడితే నా వైపు ఒరిగి, నా ముందున్నవాణ్ణి తొయ్యి. అరచెయ్యి మొత్తం ఆనిస్తే వరసలోంచి వెనక్కి లేచి, నా వెనకనుంచి కుడివైపు పరిగెత్తు. ఇంకో రెండు మూడు సైగలు. రోజూ అందరూ వెళ్ళిపోయాక పార్కింగులో, లెమ్ ట్రక్కు వెనక సాధన చేశారు. వారం తిరిగేసరికి లెమ్ మళ్ళీ లెమ్ అయ్యాడు.

"చూశావా, నాకు బుర్రతో పనే లేదు. తొడ ఉంటే చాలు" అని పొంగిపోయాడు.

జట్టు గెలవడం మొదలుపెట్టింది. పత్రికలవాళ్ళు ఎప్పుడూ లేనిది ముందు వరస గురించి రెండు ముక్కలు రాశారు. వరసకి ఎడమ భాగం గోడలా ఉందన్నారు. ఆ గోడ లోపల ఒకడికి చెయ్యి లేదనీ, ఇంకొకడికి దారి తెలియదనీ వాళ్ళకేం తెలుసు పాపం!

గురువారం రాత్రుళ్ళు ఐదుగురూ కలిసి తినడం ఆ వరసవాళ్ళ ఆచారం. నవంబరులో ఒక గురువారం ఆ వంతు లెమ్ ఇంటికి వచ్చింది. లెమ్ భార్య యివెట్ పెద్ద గుండిగ నిండా గంబో వండింది. రొయ్యలు, సాసేజీ, బెండకాయ వేసి అన్నం మీద పోసుకునే ఆ పులుసు కోసం కుడి గార్డ్ మాట్సన్ పొద్దున్నుంచి పస్తున్నాడు. అందరూ భోజనాల బల్ల దగ్గర కేకలేస్తుంటే గిన్నెలు అందించే మిషతో యివెట్ హార్లన్‌ని వంటింట్లోకి పిలిచింది.

"నిన్నొకటి అడగాలి. నవ్వకూడదు."

"అడుగు."

"మంగళవారం లెమ్ మా పాప ఓడీల్‌ని బడినుంచి తీసుకురావడానికి వెళ్ళాడు. సాయంత్రమైంది, రాలేదు. బడివాళ్ళు ఫోన్ చేసి పిల్ల ఇక్కడే ఉందన్నారు. లెమ్‌కి ఫోన్ చేస్తే బడి పేరు మార్చేశారేంటే అంటాడు. ఎక్కడున్నాడో తెలుసా? ఇండియానాపోలిస్‌లో. పాత జట్టు ఊళ్ళో, ఓడీల్ పాత బడి ముందు కారాపుకుని కూర్చున్నాడు. మూడు గంటలకి పైగా నడుపుకుంటూ పోయాడు హార్లన్, దారిలో ఒక్కసారి కూడా అనుమానం రాలేదట."

హార్లన్ గంబో గిన్నె వంక చూస్తూ నిలబడ్డాడు.

"నాకు తెలిసిన డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ఆవిడ ఒకటే అడిగింది. ఆటలో ఎలా ఉన్నాడు అని. అంత చిక్కు ఆట, క్షణంలో ఆలోచించి కదలాలి కదా, అక్కడ బాగా ఆడుతున్నాడంటే బుర్రలో భయపడాల్సిందేం ఉండదు, అలసట అయ్యుంటుంది అంది. అక్కడ కూడా తడబడుతుంటే మాత్రం ఒక్కరోజు ఆగొద్దు, ఆట మాన్పించి తీసుకురా అంది. నాకేం తెలుస్తుంది చెప్పు, నేను పైన కూర్చుని చూసేదాన్ని. నువ్వు పక్కనే ఉంటావు. వాడు తడబడుతున్నాడా?"

బల్ల దగ్గర్నుంచి లెమ్ నవ్వు వినపడింది. హార్లన్ ఎడమచేతి వేళ్ళు ఆ రోజు కూడా సగం మొద్దుగానే ఉన్నాయి. ఒక్క మాట. తడబడుతున్నాడు అంటే చాలు. ఆ మాట అంటే లెమ్ ఆట ఆ పూటతో సరి. నాలుగు రోజుల్లో తన ఆటా సరి. ముప్ఫై నాలుగేళ్ళ వయసులో తిరిగి నెబ్రాస్కా వెళ్ళి, తమ్ముడి పశువుల దాణా కొట్లో బస్తాలు మొయ్యాలి. బస్తాలు మొయ్యడానికి కూడా చెయ్యి ఉండాలి.

"గడియారంలా ఆడుతున్నాడు" అన్నాడు.

"ఒట్టు?"

"నా పక్కన అంత మంచి గార్డ్ ఎప్పుడూ ఆడలేదు."

యివెట్ కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలింది. "హమ్మయ్య. నాదే పాడు బుద్ధి. ఏవేవో ఊహించేసుకున్నా." అంటూ అతని భుజం తట్టి, గిన్నెలో ఇంకో రెండు రొయ్యలు ఎక్కువ వేసింది. హార్లన్ అవి తిన్నాడు. ఎలా తినగలిగాడో అతనికే తెలియదు.

సీజన్ చివరి ఆట జనవరిలో, సొంత మైదానంలో జరిగింది. గెలిస్తే ముందుకెళ్తారు, ఓడితే ఇంటికి. చలికి గడ్డి గట్టిపడి, పడితే సిమెంటు మీద పడ్డట్టే ఉంది. మూడో భాగంలో ఎదుటివాడి హెల్మెట్ వచ్చి హార్లన్ మెడ కింద గుచ్చుకుంది. ఎడమచెయ్యి పూర్తిగా మాయమైంది. మామూలుగా రెండు మూడు నిమిషాల్లో చీమలు పాకినట్టు మొదలయ్యేది. ఈసారి చీమలు రాలేదు.

మైదానం అంచున జట్టు ఫిజియో అడిగాడు. "చెయ్యి ఎలా ఉంది వెసెలీ?"

"బానే ఉంది."

"పిడికిలి బిగించు చూద్దాం."

హార్లన్ కుడిచెయ్యి పిడికిలి బిగించి చూపించాడు. అవతల ఇంకొకడు నొప్పితో అరుస్తుంటే ఆయన అటు పరిగెత్తాడు.

తిరిగి మైదానంలోకి వచ్చేసరికి జనం గోలకి చెవులు పనిచెయ్యడం లేదు. అప్పుడు వెయ్యాల్సిన ఎత్తు ఏమిటంటే, కుడి గార్డ్ మాట్సన్ వరసలోంచి లేచి, హార్లన్ వెనకనుంచి ఎడమవైపు పరుగు తీయాలి. అదే సమయానికి లెమ్ హార్లన్ వైపు ఒరిగి నడుమ ఉన్నవాణ్ణి తొయ్యాలి. రెండు వేళ్ళ సైగ. హార్లన్ వంగాడు, కుడిచెయ్యి బంతి మీద పెట్టాడు. ఎడమచేతిని లెమ్ తొడ వైపు తిప్పి, రెండు వేళ్ళు ఆడించమని మనసులో గట్టిగా అనుకున్నాడు. ఆడించానే అనుకున్నాడు. బంతి అందించాడు.

వెనకాల ఒక చప్పుడు అయింది. జీవితమంతా ఆ చప్పుళ్ళ మధ్యే బతికిన మనిషి కూడా అలాంటిది వినలేదు. తిరిగి చూస్తే లెమ్, మాట్సన్ ఇద్దరూ నేల మీద ఉన్నారు. ఒకడు ఎడమకి, ఒకడు కుడికి పరుగు తీసి, సరిగ్గా హార్లన్ వెనక తలకి తల కొట్టుకున్నారు. మాట్సన్ కాసేపటికి మోకాళ్ళ మీద లేచి వాంతి చేసుకున్నాడు. లెమ్ లేవలేదు.

హార్లన్‌కి మొదట వచ్చింది కోపం. ఎటు పరిగెత్తావురా వెధవా, ఇంత నేర్పించాను కదరా అనుకున్నాడు. ఆ తిట్టు మనసులో పూర్తికాకముందే లెమ్ కాళ్ళు వణకడం చూశాడు. స్టేడియం అంతా నిశ్శబ్దమైపోయింది. పైమెట్ల మీద ఎక్కడో యివెట్ ఉందని అతనికి తెలుసు. అటు తలెత్తలేకపోయాడు.

లెమ్ తలలో నెత్తురు గడ్డ కట్టిందని ఆ రాత్రే పుర్రె తెరిచారు. ప్రాణం దక్కుతుందన్నారు. మిగతాది చూడాలన్నారు.

ఓడినా గెలిచినా మర్నాడు ఆట తాలూకు వీడియో చూడడం రివాజు. ఆట ఓడి సీజన్ ముగిసింది కాబట్టి ఎవరూ రాలేదు. ముందు వరసకి కోచ్ అయిన డంబ్రోస్కీ హార్లన్‌ని ఒక్కణ్ణే పిలిచాడు. చీకటి గదిలో తెర మీద ఆ ఎత్తు నెమ్మదిగా కదిలింది. కోచ్ ఒక చోట ఆపాడు.

"చూడు."

హార్లన్ చూశాడు. తెర మీద తన ఎడమచెయ్యి లెమ్ తొడ మీద ఉంది. రెండు వేళ్ళు కాదు. చచ్చిన చేప ఒడ్డున పడ్డట్టు అరచెయ్యి మొత్తం బరువుగా పడి ఉంది. మరుక్షణంలో లెమ్, ఆ చెయ్యి చెప్పినట్టు విని, లేచి, కుడివైపు పరిగెత్తాడు. తప్పు చెయ్యలేదు. ఒక్క క్షణం తడబడలేదు కూడా.

హార్లన్ కోచ్ వైపు తిరిగాడు. "ఈ సైగల సంగతి నీకెలా తెలుసు?"

"ఆగస్టు నుంచీ తెలుసు. నా ఉద్యోగమే ఈ బొమ్మలు చూడ్డం కదయ్యా. నీ చెయ్యి వాడి తొడ మీద కదుల్తుంది, వాడు కదుల్తాడు. గుడ్డివాడికైనా తెలుస్తుంది."

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావు?"

డంబ్రోస్కీ కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "నువ్వెందుకు ఊరుకున్నావో అందుకే. పని జరుగుతోంది కదా అని. వాడు తడబడితే తీసేసేవాణ్ణి. నువ్వు తడబడనివ్వలేదు."

హార్లన్ ఆయన మీద చెయ్యి చేసుకుందామని లేచాడు. చెయ్యి లేవలేదు. ఇన్నాళ్ళూ అందరి కళ్ళూ కప్పి స్నేహితుణ్ణి కాపాడుతున్నానని మురిసిపోయాడు. కప్పింది ఒక్క యివెట్ కళ్ళు మాత్రమే. ఆపగలిగినదీ ఆవిడ ఒక్కతే. ఆ గదిలోనే గోడకి ఆనుకుని, సిగ్గు లేకుండా, గట్టిగా ఏడ్చాడు. కోచ్ తెర ఆపేసి బయటికి వెళ్ళిపోయాడు.

ఆసుపత్రి వరండాలో యివెట్‌కి అంతా చెప్పాడు. ఆగస్టు, పార్కింగు, తన చెయ్యి, వంటింట్లో ఆడిన అబద్ధం, అరచెయ్యి, ఏదీ దాచలేదు. అయిపోయాక, "మా ఇంట్లో కూర్చుని, నా చేతి వంట తిన్నావు" అంది. అంతే, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మార్చిలో జట్టు హార్లన్‌ని వదిలించుకుంది. మెడకి కోత పడింది, చేతికి మాత్రం ప్రాణం రాలేదు. కండ కరిగి చొక్కా చెయ్యి వేలాడుతోంది. ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్న యివెట్ ఫోన్ చేసింది.

"ఇంటికి రా."

వెళ్ళాడు. లెమ్ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సగానికి సగం తగ్గాడు. తలకి ఒకవైపు జుట్టు ఇంకా సరిగ్గా రాలేదు. హార్లన్‌ని చూసి మర్యాదగా తల ఊపాడు, ఎవరికైనా ఊపినట్టే.

"రా, కూర్చో" అంది యివెట్. "నిన్ను క్షమించడానికి పిలిచానని అనుకోకు. ఆ పని నావల్ల కాదు. మాట చెప్తే లెమ్‌కి అందడం లేదు. లేవమంటే భయపడతాడు, స్నానానికి రమ్మంటే నన్ను తోసేస్తాడు. రెండుసార్లు చెప్తే ఏడుస్తాడు. ఓడీల్ హడలిపోతోంది. ఐదు నెలలు నువ్వు వాణ్ణి మాట లేకుండా నడిపించావు. అది నాకు నేర్పు."

యివెట్ కుర్చీ లెమ్ పక్కకి జరుపుకుని, చెయ్యి చాపింది.

"చూస్తూ కూర్చోక చూపించు."

పనిచేసే చేత్తో ఆవిడ వేళ్ళు పట్టుకుని, ఎక్కడ తట్టాలో, ఎంత గట్టిగా తట్టాలో చూపించాడు. యివెట్ రెండు వేళ్ళతో భర్త తొడ మీద తట్టింది. లెమ్ అమాంతం ఆవిడ వైపు ఒరిగి, భుజానికి భుజం ఆనించాడు. నెలల తర్వాత అతను తనంతట తాను ఆవిడ దగ్గరికి రావడం అదే. యివెట్ మళ్ళీ తట్టింది. మళ్ళీ ఒరిగాడు.

"లేవడానికి?"

హార్లన్ చెప్పలేక చెప్పాడు. "అరచెయ్యి."

ఆవిడ ఒక్క క్షణం అతని వంక చూసి, అరచెయ్యి ఆనించింది. లెమ్ విసురుగా లేచాడు. లేచి, వెనక్కి తిరిగి, కుడివైపు పరుగు అందుకున్నాడు. కుర్చీ పడింది, పక్కనున్న నిలువు దీపం పడింది. ఎదురుగా గోడ ఉంది. హార్లన్ ఒంటిచేత్తో నడుం పట్టుకుని వెనక్కి లాగాడు, ఇద్దరూ కలిసి చాప మీద కూలబడ్డారు. లెమ్ కాళ్ళు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

యివెట్ పరిగెత్తుకొచ్చి లెమ్ తొడ మీద చెయ్యి వేసి, గాభరాగా ఒక వేలు, రెండు వేళ్ళు, మళ్ళీ ఒక వేలు తట్టింది. "ఆగమనడానికి ఏది? హార్లన్, ఆగమనడానికి ఏం చెయ్యాలి?"

లెమ్ ఒంట్లోని వణుకు హార్లన్ ఒంటికి తెలుస్తోంది.

"అది మేం పెట్టుకోలేదు యివెట్" అన్నాడు.